కాపాడాం సరే, అది మనకి బాకీ లేదు

కొత్తగా కుక్కపిల్లని తెచ్చుకున్నవాళ్ళు మొదటి వారంలో నాకు చేసే ఫోన్లన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. మంచం కింద దూరింది, పిలిస్తే రాదు. పక్కన కూర్చుంటే తినదు, మేం పక్కగదిలోకి వెళ్ళాక గిన్నె ఖాళీ అవుతుంది. ఒళ్ళో పెట్టుకుంటే జారిపోతుంది. ఇవేవీ సమస్యలు కావు, అన్నీ మామూలే. నాకు ఒళ్ళు మండేది వీటి తరవాత వచ్చే మాటకి: "డ్రైన్లోంచి తీసి తెచ్చేం కదండీ, కోడిగుడ్డు పెడతన్నాం, అయినా దీనికి విశ్వాసం లేదేటండీ?"

మా విజయనగరంలో కుక్కలు తెచ్చుకునేవాళ్ళకి నాకు తెలిసిన సంగతులు చెప్తూ ఉంటాను. డాక్టర్ని కాను, ట్రైనర్ అని బోర్డు కట్టుకోలేదు. అయినా ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరితోనైనా వాదిస్తాను. కుక్క ఇంట్లో కుదురుకోకపోవడానికి పెద్ద కారణం దాని జాతి కాదు, అది వీధిలో పుట్టడం కాదు, "మేం దీన్ని కాపాడాం" అన్న మన ఊహే.

ఎందుకంటే కాపాడినట్టు దానికి తెలీదు. దానికి తెలిసినదల్లా ఒక సందు, ఒక టీ బడ్డీ, రోజూ బిస్కెట్ ముక్క విసిరే మనిషి, తల్లి, తోడబుట్టినవి, ఎండ వస్తే దూరే ఆటో కింది నీడ. ఒకరోజు రెండు చేతులు వచ్చి ఎత్తాయి, సంచిలో పెట్టాయి, స్కూటర్ మీద ఊగించాయి, ఎప్పుడూ వినని కుక్కర్ విజిల్ మోగే చోట దింపాయి. దాని లెక్కలో అది కిడ్నాపే. మనం చేసింది మంచి పనే అయుండొచ్చు, అయ్యుంటుంది కూడా, కానీ ఆ మంచితనం మన బుర్రలో ఉంది, దాని బుర్రలో లేదు. మనకేమో లోపల ఒక ఖాతా తెరుచుకుని ఉంటుంది, దాంట్లో జమలన్నీ మనవి, బాకీలన్నీ దానివి, ఇంక అక్కడి నుంచి ప్రతిదీ తప్పుగానే కనిపిస్తుంది. తోక ఊపకపోతే పొగరు, గచ్చు మీద పోస్తే కావాలని చేసింది, గుర్రుమంటే ద్రోహం!

ఆ లెక్క ఉన్నచోట తొందర కూడా ఉంటుంది. తెచ్చిన సాయంత్రమే పక్కింటి పిన్నిగారు వచ్చి చూడాలి, పిల్లలు ఎత్తుకుని ఫొటో దిగాలి, స్టేటస్ పెట్టాలి, మావయ్యగారి కుటుంబానికి వీడియో కాల్‌లో చూపించాలి. వణుకుతున్న పిల్లని పదిమంది చేతులు మార్చి, "ఎంత బాగుందో, ఎంత సైలెంట్‌గా ఉందో" అని మురిసిపోతారు. భయంతో బిగుసుకుపోయిన పిల్ల సైలెంట్‌గానే ఉంటుంది మరి. హాస్టల్లో చేర్చిన పిల్లాడు మొదటి రాత్రి ఎందుకు మాట్లాడట్లేదో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, కుక్క విషయానికి వచ్చేసరికి మాత్రం మర్చిపోతాం.

షెల్టర్లు నడిపేవాళ్ళు ఒక మోటు లెక్క చెప్తారు: బెదురు కాస్త తగ్గడానికి 3 రోజులు, ఇంటి పద్ధతి అర్థం కావడానికి 3 వారాలు, ఇది నా ఇల్లే అనిపించడానికి 3 నెలలు. కొన్ని ఇంకా ముందే కలిసిపోతాయి, దెబ్బలు తిని వచ్చినవాటికి ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. కాబట్టి మొదటి వారం ట్రైనింగ్ మాటే ఎత్తొద్దు. ఇంట్లో జనం తక్కువ తిరిగే మూల ఒకటి చూడండి, మెట్ల కిందైనా, పెరటి వరండాలో గోడ వారైనా. అక్కడొక గోనె సంచి పరవండి. జ్యూట్ మిల్లుల జిల్లాలో గోనెలకి కరువు లేదు కదా. గోనె అని ఎందుకు అంటున్నానంటే, మట్టిలో పెరిగిన కుక్కకి మన నున్నటి టైల్స్ మీద కాలు నిలవదు, జారి పడుతుంది, రెండుసార్లు పడ్డాక అసలు ఆ గదిలోకే రాదు, మనమేమో దానికి మన గది నచ్చలేదనుకుంటాం. మూల నుంచి గుమ్మం దాకా గోనె పట్టాలు వరసగా వేస్తే చాలా కుక్కలు ఆ దారి పట్టుకుని తమంతట తామే వస్తాయి. నీళ్ళగిన్నె దగ్గర్లో పెట్టి, కళ్ళలో కళ్ళు పెట్టి చూడకుండా, మీ పని మీరు చేసుకోండి. కింద కూర్చుని పేపర్ చదువుకోండి, చిక్కుడుకాయలు ఒలుచుకోండి. అది వచ్చి మీ కాలు వాసన చూసి పోతే ఆ పూటకి పెద్ద పని జరిగినట్టే, అప్పుడు కూడా చెయ్యి చాపకండి.

తెచ్చీ తేగానే స్నానం చేయించేవాళ్ళకి ఒక దండం. కంపు కొడుతుందని అంటారు, నిజమే, కొడుతుంది. వారం కొట్టనివ్వండి. బెదిరిన జంతువుని పంపు కింద అదిమిపెట్టి రుద్దడమే దానికి మీ ఇంట్లో మొదటి జ్ఞాపకం కావాలా? పిడుదులకి కిరోసిన్ రాయడం, ఫినాయిల్ నీళ్ళు పొయ్యడం ఇంకా మన దగ్గర ఉంది, అవి చర్మాన్ని కాలుస్తాయి, నాకినప్పుడు కడుపులోకి పోతాయి, కుక్కలు చనిపోతాయి కూడా. పిడుదుల్ని తేలిగ్గా తీసుకోమని కాదు, వాటి వల్ల వచ్చే రక్తజ్వరాలు మా వైపు ఎక్కువే, కానీ దానికి బరువుని బట్టి, వయసుని బట్టి మందులున్నాయి, పశువుల డాక్టరు రాసిస్తారు. టౌన్లో ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉంది, కష్టమైన కేసయితే గరివిడి వెటర్నరీ కాలేజీ ఎంతో దూరం కాదు.

డాక్టరు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. పిల్లకి ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణం తీసే వైరస్ జబ్బులకి టీకా మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి బూస్టర్లు వేయిస్తూ నాలుగు నెలలు నిండేదాకా కొనసాగించాలి. రేబిస్ టీకా మూడు నెలలకి, తరవాత డాక్టరు చెప్పినట్టు బూస్టరు, ఆపైన ఏటా. నట్టల మందు చిన్నప్పుడు రెండు వారాలకోసారి. వాంతులు, రక్తవిరేచనాలు కనిపిస్తే పార్వో కావచ్చు, దానికి "రేపు చూద్దాం" పనికిరాదు, పిల్లలు ఒకటి రెండు రోజుల్లో పోతాయి. పోయాక కూడా ఆ వైరస్ నేలలో నెలల తరబడి ఉంటుంది, అందుకే ఆ ఇంట్లోకి వెంటనే ఇంకో పిల్లని తేకూడదు. ఇక రేబిస్. పిల్ల చిన్నది కదా, పాలపళ్ళు కదా, ఏమవుతుందిలే అనుకోవద్దు. టీకా పడని వీధిపిల్ల పన్ను దిగినా, గీరినా సబ్బు పెట్టి ధారగా పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి సూది వేయించుకోండి, ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితమే, డాక్టరు రాసిన తేదీలన్నీ పూర్తి చెయ్యండి. కారం అద్దడం, సున్నం పెట్టడం, కాఫీ పొడి కట్టడం చెయ్యొద్దు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కి బతికించే మందు లేదు. ఇందులో చర్చకి చోటు లేదు.

అసలు పిల్లని ఎప్పుడు తేవాలన్నదాంట్లోనూ మన పుణ్యకార్యం తొందర పెడుతుంది. వానలు వెళ్ళి చలి మొదలయ్యేసరికి ఏ సందులో చూసినా కుక్కపిల్లలే. కళ్ళు తెరిచి నడవడం మొదలెట్టగానే ఎవరో ఒకరు ఎత్తుకొచ్చేస్తారు. తల్లి దగ్గరుంటే, తిండి దొరుకుతుంటే, ఎనిమిది వారాలు నిండేదాకా అక్కడే ఉండనివ్వండి, తల్లికి రోజూ ఇంత అన్నం పెట్టండి, అదే అసలు సాయం. ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివాడికి నొప్పి పుడుతుందో పిల్లలు తోడబుట్టినవాటితో కొట్లాడుకునే నేర్చుకుంటాయి. ముందే విడదీసిన పిల్ల ఆ పాఠం మీ పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది. మళ్ళీ మరీ ఆలస్యం చెయ్యడమూ ఇబ్బందే. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల బుర్ర తలుపులు తెరుచుకుని ఉంటుంది, ఆ వయసులో చూసినవాటిని, విన్నవాటిని తేలిగ్గా మామూలుగా తీసుకుంటుంది. టీకాలు పూర్తి కాలేదు కాబట్టి వీధికుక్కలు తిరిగే చోట నేల మీద దింపకండి, కానీ ఎత్తుకుని గంటస్తంభం వైపు ఓసారి, రైతుబజారు బయట ఓసారి నిలబడితే చాలు, ఆటోలు, హెల్మెట్లు, గొడుగులు, గడ్డాలవాళ్ళు, వీల్‌చైర్లు అన్నీ లోకంలో ఉంటాయని దానికి తెలుస్తుంది.

గచ్చు పాడుచెయ్యడం మీద ఇళ్ళల్లో గొడవలు నాకు బాగా తెలుసు, ముఖ్యంగా పూజగది ఉన్న వైపు పోసిందంటే అత్తగారు కోడల్ని, కోడలు మొగుణ్ణి, మొగుడు కుక్కని. రెండు నెలల పిల్ల రెండు గంటలకి మించి ఆపుకోలేదు, దాని శరీరమే అంత. నిద్ర లేవగానే, తిన్నాక, ఆడుకున్నాక బయటికి తీసుకెళ్ళి ఒకేచోట నిలబడాలి. అక్కడ పోసిన క్షణంలోనే, అంటే ఒకటి రెండు సెకన్లలో, చిన్న చికెన్ ముక్క ఇవ్వాలి. లోపలికొచ్చి ఫ్రిజ్ తీసి ఇస్తే అది ఫ్రిజ్ తెరిచినందుకు బహుమానం అనుకుంటుంది. ముక్కు తీసుకెళ్ళి దాని ఉచ్చలో రుద్దడం మన తాతల నాటి వైద్యం. అది నేర్పేది ఒక్కటే, మీరు చూస్తుండగా పోస్తే ప్రమాదం అని, ఇక అది సోఫా వెనక్కి వెళ్ళి పోస్తుంది. తెలివైన జంతువు మరి. ఇందులో వీధికుక్కలకి ఒక మేలుంది, పడుకునే చోటుకి దూరంగా వెళ్ళే అలవాటు వాటికి ముందే ఉంటుంది, కాస్త పెద్దవి ఈ ఒక్క పని వారం రోజుల్లో నేర్చేసుకోవడం చూశాను.

తిండి సంగతి. "మేం తినేదే పెడతన్నాం" అని గర్వంగా చెప్తారు. మనం తినేదాంట్లో ఉల్లిపాయ లేనిదేది, వెల్లుల్లి లేనిదేది? ఆ రెండూ కుక్క రక్తకణాలని దెబ్బతీస్తాయి, ద్రాక్ష కిడ్నీలని, చాక్లెట్ గుండెని. ఉడికించిన కోడి ఎముకలు సూదుల్లా చీలిపోయి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఉప్పూకారం లేకుండా ఉడికించిన ఎముకల్లేని చికెన్, గుడ్డు, అన్నం, కాస్త గుమ్మడికాయ పెడితే చాలు, చోడి (రాగి) అంబలి కూడా బాగానే తాగుతాయి. వట్టి పెరుగన్నం మీద కుక్క బతుకుతుంది కానీ పెరగదు. అది తింటున్నప్పుడు "నేనే యజమానిని" అని చూపించడానికి గిన్నెలో చెయ్యి పెట్టే వీరులున్నారు. మీ కంచంలో ఎవరైనా రోజూ చెయ్యి పెడితే మీరేం చేస్తారో ఆలోచించండి. దానికి బదులు పక్కనించి నడిచి వెళ్తూ గిన్నెలో ఉన్నదానికంటే మంచి ముక్క ఒకటి వేసి ఆగకుండా వెళ్ళిపోండి. కొన్నాళ్ళకి మీరు గిన్నె వైపు వస్తుంటే దాని తోక ఊగుతుంది.

ఇప్పుడు గుర్రుమనడం. "ఇంత పెడితే మా మీదే గుర్రుమంటాదా" అని చేతికందిన చీపురుతో ఒకటి వేస్తారు, అది నోరు మూసుకుంటుంది, దారికొచ్చిందనుకుంటారు. గుర్రుమనడం అంటే అది మీతో మాట్లాడటం: నాకు భయంగా ఉంది, అక్కడే ఆగు. దానికంటే ముందు ఇంకా మెల్లగా చాలానే చెప్పి ఉంటుంది, మొహం తిప్పుకుంది, పెదాలు నాక్కుంది, నిద్ర రాకపోయినా ఆవలించింది, కళ్ళలో తెల్లగుడ్డు కనిపించేలా పక్కకి చూసింది, తోక కాళ్ళ మధ్యకి పోయింది. ఇవేవీ మనకి పట్టలేదు కాబట్టి గొంతు ఎత్తింది. ఆ గొంతు మీద కొడితే అది మానేస్తుంది, భయం మాత్రం అలాగే ఉంటుంది. ఇక మిగిలింది పళ్ళే. తరవాత "ఏ హెచ్చరికా లేకుండా కరిచేసిందండీ" అని చెప్తారు. హెచ్చరికని పీకి పారేసింది ఎవరు? మొరిగే కుక్క కరవదన్న సామెతని కూడా నమ్మకండి, అది కుక్కలకి తెలీదు. గుర్రుమంటే వెనక్కి తగ్గండి, పిల్లల్ని దూరం తీసుకెళ్ళండి, ఏది చూసి బెదిరిందో వెతకండి. వెనక్కి తగ్గితే నెత్తికెక్కుతుందని మావాళ్ళు అంటారు. తగ్గితే నమ్ముతుంది, నా అనుభవం అదే.

నేర్పడం నాలుగైదు వారాల తరవాత మొదలుపెట్టినా కొంప మునిగిపోదు. కూర్చో, రా, ఆగు, వదులు. ఈ నాలుగూ వస్తే చాలు. ఇంగ్లీషులోనే చెప్పాలని ఎక్కడా లేదు, ఇంట్లో అందరూ ఒకే మాట వాడటం ముఖ్యం. తాతగారు "ఓలొల్ల, ఇటురా" అని, మనవడు "కమ్" అని, కోడలు బిస్కెట్ ప్యాకెట్ చప్పుడు చేసి పిలిస్తే దానికి వచ్చేది ప్యాకెట్ భాష ఒక్కటే. రోజుకి మూడుసార్లు, ఐదేసి నిమిషాలు, ఆకలిగా ఉన్నప్పుడు, చిన్న చిన్న ముక్కలతో. "రా" అని పిలిచి తిట్టడం, పిలిచి గొలుసు వెయ్యడం, పిలిచి సూది వేయించడం చేశారంటే ఆ మాట పాడైపోయినట్టే, ఇంకో మాట వెతుక్కోవాలి.

గొలుసు అన్నాను కదా. గేటు పక్కన మూరెడు గొలుసుకి కట్టేసి, దాన్ని "పెంచుకోవడం" అనే ఇళ్ళు మా వీధిలోనూ ఉన్నాయి. వాళ్ళూ కాపాడామనే అంటారు. వీధిలో రోజుకి ఇన్ని కిలోమీటర్లు తిరిగి, ఎవరితో స్నేహం చెయ్యాలో, ఎవరికి దూరంగా ఉండాలో తనే తేల్చుకున్న జంతువుకి తప్పుకునే దారి లేకుండా చేశాం, అప్పుడది దారినపోయే ప్రతివాడి మీదా ఎగబడుతుంది, భయపడ్డ జంతువుకి పారిపోయే దారి లేకపోతే మిగిలేది అదే. మంచి కాపలా కుక్క అయిందని సంబరపడతారు! 1960 నాటి జంతుహింస నివారణ చట్టం సెక్షన్ 11లో మరీ పొట్టి గొలుసుతో, మరీ బరువు గొలుసుతో ఎక్కువసేపు కట్టేయడం నేరం అని ఉంది, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కని తిప్పకపోవడం నేరమని కుక్క పేరు పెట్టి మరీ రాశారు. మొదటిసారి తప్పుకి జరిమానా మాత్రం 10 నుంచి 50 రూపాయలు. ఆ డబ్బుకి ఈ రోజుల్లో గొలుసు కూడా రాదు.

నా మాట వినేవాళ్ళు చివరికి అడిగేది ఒకటుంటుంది: మరి ప్రేమ కూడా ఆశించకూడదంటే కుక్క ఎందుకండీ, చేపల తొట్టె పెట్టుకోవచ్చు కదా? న్యాయమైన ప్రశ్నే. ప్రేమ వస్తుంది, చాలాసార్లు మీరు తట్టుకోలేనంత వస్తుంది. కొన్ని కుక్కలు మాత్రం ఎప్పటికీ ఒళ్ళోకి రావు. నాకు తెలిసిన ఒక ఇంట్లో నల్లకుక్క ఉంది, ముట్టుకోనివ్వదు, ఆ పెద్దావిడ పెరట్లో ఎటు తిరిగితే అటు నాలుగడుగుల దూరంలో కూర్చుంటుంది. ఆవిడకి అది చాలు. మీకు చాలకపోతే తప్పేం లేదు, అది తెచ్చుకోకముందే తెలుసుకుంటే మంచిది.

ఎందుకంటే ప్రతి వీధికుక్కనీ ఇంట్లోకి తేనక్కర్లేదు. చెవి కొస కత్తిరించి ఉన్న, ఆరోగ్యంగా ఉన్న, నాలుగిళ్ళవాళ్ళు పెట్టేది తిని హాయిగా బతుకుతున్న పెద్ద కుక్కని ఇంట్లో పెట్టి బంధిస్తే అది ఉపకారం కాదు. ఆ చెవి కోత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందనడానికి గుర్తు. వీధికుక్కల సంతాన నియంత్రణకి పెట్టిన 2023 ఏబీసీ రూల్స్ ప్రకారం ఆపరేషన్, టీకా అయ్యాక మామూలుగా వాటిని పట్టిన చోటే వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో ఇంకో మాట ఉంది: వీధికుక్కని దత్తత తీసుకోవాలంటే మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, తీసుకున్నాక అది మళ్ళీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్ళదే. నాలుగు నెలలు పెంచి, పిల్లాడికి ఇంటర్ పరీక్షలని, ట్రాన్స్‌ఫర్ అని, బైపాస్ రోడ్డు పక్కన దింపేసి వచ్చేవాళ్ళు ఈ మాట చదవాలి. ఇంటి అలవాటు పడ్డ కుక్కకి కొత్త వీధిలో బతకడం రాదు, అక్కడి కుక్కలు రానివ్వవు. వీలుకాదని తెలిసిన రోజే చెప్పండి, ఇంకో ఇల్లు వెతుకుదాం, ఎవరూ మిమ్మల్ని తిట్టరు.

పారిపోవడం గురించి కూడా చెప్పాలి, ఎక్కువగా మొదటి వారాల్లోనే జరుగుతుంది. మెడబెల్టు తలమీంచి జారిపోతుంది, అందుకని ఛాతీ చుట్టూ వేసే పట్టీ, హార్నెస్ అంటారు, అది కూడా వేసి రెండిటికీ తాడు కట్టండి, గేటు కింద సందు ఇటుకలతో మూయండి. తప్పిపోతే ముందు మీ వీధిలో కాదు, దాన్ని తెచ్చిన పాత సందులో వెతకండి. కనిపించగానే వెంటపడకుండా కింద కూర్చుని పక్కకి తిరిగి తిండి పెట్టండి.

ఇక మా ఊళ్ళో అయితే దసరా నుంచి నాగులచవితి దాకా కొత్త కుక్కని తేవడం నాకు ఇష్టం ఉండదు. దసరా తరవాతి మంగళవారం పైడితల్లమ్మ జాతరలో సిరిమాను ఉత్సవం, ముందు రోజు తొలేళ్ళ సంబరం, ఊరంతా డప్పులు, మైకులు, జనం. అది తేరుకునేలోపు దీపావళి, తరవాత నాగులచవితికి పుట్టల దగ్గర కూడా టపాసులే. మన చెవి 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే దాని చెవి 45 వేల దాకా వింటుంది, పైగా ఇంకా ఇల్లు ఏదో తెలీని స్థితి. సరిగ్గా అప్పుడే, పండక్కి పిల్లలకి సెలవులు కదా, ఇంట్లో అందరం ఉంటాం కదా అని ఫోన్లు వస్తాయి. కార్తీకం వెళ్ళనివ్వండి, అప్పటికి సందుల్లో పిల్లలు ఎలాగూ ఉంటాయి, ఈలోపు గేటు కింద ఇటుకలు పెట్టించండి, ఇంట్లో అందరూ కూర్చుని "రా" అనాలా "కమ్" అనాలా తేల్చుకోండి.